కథాస్థలం పెట్టే పరీక్ష: చోటును బట్టి మారే మగతనం

క్లుప్తంగా

మగవాడు ఏం చేసి తనను తాను నిరూపించుకోవాలో, ఎవరి ముందు నిరూపించుకోవాలో కథలో చాలావరకు తేల్చేది ఆ కథ జరిగే చోటే. ద్వీపం, సరిహద్దు ప్రాంతం, యుద్ధ కందకం, ఇల్లు, పొలం ఒక్కొక్కటి ఒక్కో పరీక్ష పెడతాయి. ఆ చోట్లలో ఏముందో గమనించడంతో పాటు అక్కడి నుంచి ఎవరిని తప్పించారో, ఎవరి పనిని లెక్కలోకి రానివ్వలేదో కూడా గమనిస్తే రచయిత మనసులోని మగవాడి నమూనా త్వరగా పట్టుబడుతుంది.

పాత్ర నుంచి చోటు వైపు

నవలల్లో మగతనం గురించిన చర్చ ఎక్కడ మొదలైనా చివరికి పాత్రల గుణగణాల దగ్గరికే చేరుతుంది. కథానాయకుడు కఠినుడా, మెత్తనివాడా, కన్నీళ్ళు పెట్టుకుంటాడా, చెయ్యెత్తుతాడా అన్నవే ప్రశ్నలు. కథ ఎక్కడ జరుగుతోందన్నది వర్ణనల ఖాతాలో పడిపోయి, పరీక్షల్లో అయిదు మార్కుల ‘వాతావరణ చిత్రణ’గా మిగులుతుంది. అయితే తుఫానులో ఓడ చుక్కాని పట్టుకున్నప్పుడు ధీరుడిగా కనిపించిన మనిషే అదే మొండిపట్టుతో గుమాస్తా కుర్చీలో కూర్చుంటే లౌక్యం తెలియనివాడవుతాడు, పసిబిడ్డ ఉయ్యాల పక్కన నిలబడితే చేతకానివాడవుతాడు. అతని స్వభావం అన్నిచోట్లా ఒక్కటే. చోటు అడిగే ప్రశ్న వేరు.

ఈ సంగతిని అర్థం చేసుకోవడానికి రెండు ఆలోచనలు పనికొస్తాయి. రష్యన్ విమర్శకుడు మిఖాయిల్ బఖ్తిన్ 1937-38లో రాసిన దీర్ఘవ్యాసంలో నవలలోని స్థలాన్నీ కాలాన్నీ విడదీయరాని జంటగా చూసి, దానికి ‘క్రోనోటోప్’ అని పేరు పెట్టాడు. బాట అనుకోని కలయికలకు వీలిస్తుంది, గడప సంక్షోభానికి వీలిస్తుంది, అంటే చోటును ఎంచుకోవడంతోనే అక్కడ ఎలాంటి సంఘటన జరగగలదో సగం తేలిపోతుంది. ఆస్ట్రేలియా సామాజికవేత్త రేవిన్ కానెల్ 1995లో వెలువరించిన గ్రంథానికి ‘మాస్క్యులినిటీస్’ అని బహువచనంలోనే పేరు పెట్టారు. ఒకే సమాజంలో ఒకే కాలంలో పలు రకాల మగతనాలు ఉంటాయనీ, వాటిలో ఒకటి మిగిలినవాటి మీదా స్త్రీల మీదా పెత్తనం చేసే ఆదర్శంగా నిలుస్తుందనీ, ఆ ఆదర్శం చరిత్రతో పాటు మారుతుందనీ ఆమె వాదించారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక నవల ఏ మగతనాన్ని పైకెత్తుతోందో తెలుసుకోవడానికి అది ఏ చోటులో ఏ సంఘటనలకు వీలు కల్పించిందో చూడాలన్నది స్పష్టమవుతుంది.

దక్షిణాదిలో ఇది కొత్త ఊహేమీ కాదు. తమిళ సంగమ కవిత్వానికి లక్షణ గ్రంథమైన ‘తొల్కాప్పియం’ కవితా ప్రపంచాన్ని అకం, పురం అని రెండుగా విడదీసింది. అకం అంటే లోపల, ప్రేమ. పురం అంటే బయట, యుద్ధమూ దానమూ రాజకీర్తీ. అకంలో ఒక్కో మనఃస్థితికి ఒక్కో నేల ఉంది: కొండ నేల కలయికకు, అడవి నేల ఓపికతో ఎదురుచూడటానికి, మాగాణి అలకకు, సముద్రతీరం విరహ దుఃఖానికి, ఎండిన పాలై నేల ఎడబాటుకు. పాలై నేలను దాటి సంపాదనకు పోయేది మగవాడు, అడవి నేలలో ఎదురుచూసేది స్త్రీ. అన్నిటికన్నా ఆసక్తికరమైన నియమం మరొకటుంది. పురం పద్యాలలో మనుషులకు పేర్లుంటాయి, అకం పద్యాలలో ఉండకూడదు. పేరు తెచ్చుకోవడమనేది గడప బయటి వ్యవహారమని కవిత్వ వ్యాకరణమే తేల్చేసింది.

ద్వీపం: ఇంటిపని పేరు మార్చుకునే చోటు

డేనియల్ డెఫో 1719లో ప్రచురించిన ‘రాబిన్సన్ క్రూసో’ను సాహసానికి నమూనాగా చెప్పుకుంటారు. ఓడ పగిలి ద్వీపం మీద ఒంటరిగా చిక్కుకున్న క్రూసో అక్కడ నిజంగా ఏం చేశాడో ఒక జాబితా రాసుకుంటే మాత్రం అది వేరుగా కనిపిస్తుంది. రొట్టె చేశాడు, మేకల్ని పెంచి పాలు పితికాడు, తోళ్ళతో బట్టలు కుట్టుకున్నాడు, బుట్టలు అల్లాడు, గొడుగు తయారు చేసుకున్నాడు, కుండలు చేశాడు.

ఆ కుండల ఘట్టాన్ని దగ్గరగా చూడాలి. మట్టి తవ్వి, పిసికి, రూపు తేవడానికి దాదాపు రెండు నెలలు తంటాలు పడితే అతనికి దక్కింది జాడీలని పిలవడానికి కూడా సిగ్గుపడేంత వికారమైన రెండు పెద్ద పాత్రలు. కొన్ని పక్కకు ఒరిగి పడిపోయాయి, కొన్ని ఎండకు పగిలాయి. తరవాత ఒకనాడు వంట మంట ఆర్పబోతుంటే నిప్పుల్లో పడి కాలిన కుండపెంకు ఒకటి రాయిలా గట్టిపడి, పెంకుటెరుపు రంగుకు తిరిగి కనిపించింది. పెంకు కాలినప్పుడు కుండ ఎందుకు కాలదన్న ఆలోచన అక్కడ పుట్టింది. నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టగల కుండ చేతికి వచ్చినప్పుడు అతని ఆనందానికి హద్దు లేదు. అందులో మేకపిల్ల మాంసంతో పులుసు కాచుకున్నాడు.

క్రూసో ఇంటి నుంచి పారిపోకుండా పట్నంలోనే ఉండిపోయి ఉంటే ఈ పనులన్నీ ఎవరో ఒక స్త్రీయో సేవకుడో చేసేవారు, వాటికి నవలలో ఒక్క వాక్యం కూడా దక్కేది కాదు. ద్వీపం చేసిన మార్పు ఇదే: ఇంట్లో లెక్కకు రాని పనిని తీసుకెళ్ళి నిర్మానుష్యమైన చోట పెట్టి, చేసే చేతుల్ని మార్చి, దానికి ప్రకృతి మీద విజయమన్న పేరు పెట్టింది. తన గుహను క్రూసో కోట అంటాడు, మరోచోట వేసుకున్న పందిరిని పల్లె విడిది అంటాడు. క్రూసో కాపాడి సేవకుడిగా పెట్టుకున్న ఫ్రైడే వచ్చాక ఈ లెక్క బయటపడుతుంది. క్రూసో అతనికి మొదట నేర్పిన మాటల్లో ‘దొర’ అన్నది ఒకటి. కొద్ది రోజుల్లోనే రొట్టె చేసే పని ఫ్రైడే చేతికి మారిపోయింది. రెండో మనిషి రాగానే వంట సాహసం హోదా పోగొట్టుకుని మళ్ళీ వంటే అయింది.

ఆ తరవాతి బాలసాహస నవలలకు ఈ ఖాళీ చోటు ఒక షరతుగా మారింది. రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ‘ట్రెజర్ ఐలండ్’ (1883) రాస్తున్న రోజుల్లో, కథలో ఆడవాళ్ళు వద్దని తన సవతి కొడుకు ఆజ్ఞ వేశాడని ఒక ఉత్తరంలో సరదాగా చెప్పుకున్నాడు. రైడర్ హాగర్డ్ ‘కింగ్ సాలమన్స్ మైన్స్’ (1885)ను చదివే పెద్ద, చిన్న ‘బాలురందరికీ’ అంకితమిచ్చాడు. అందులో కథకుడు ఈ కథలో పావడా అన్నదే లేదని మొదట్లోనే గర్వంగా చెబుతాడు. అయితే గనులకు దారి చూపే పటంలో జంట శిఖరాల పేరు షీబా రాణి స్తనాలు. కథలోంచి పంపేసిన స్త్రీ నేల రూపంలో తిరిగొచ్చింది. మగవాళ్ళు ఎక్కి, దాటి, తవ్వి సొంతం చేసుకునేది ఆ నేలనే. వలస పాలన ఆఫ్రికా మీద పడుతున్న కాలంలో ఈ రూపకం అమాయకమైనది కాదు.

ఈ కల్పిత చోటు పుస్తకాలకే పరిమితం కాలేదు. బేడన్ పవెల్ 1907 ఆగస్టులో స్కౌటింగ్ పద్ధతిని మొదటిసారి పరీక్షించడానికి ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ అనే ద్వీపాన్నే ఎంచుకుని బాలుర శిబిరం నడిపాడు. మరుసటి ఏడాది ‘స్కౌటింగ్ ఫర్ బాయ్స్’ వచ్చింది. నవలల్లోని చోటు శిక్షణ మైదానమైంది.

ఈ సంప్రదాయానికి ఘాటైన జవాబు 1954లో విలియం గోల్డింగ్ ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ రూపంలో వచ్చింది. 1857 నాటి బాలంటైన్ నవల ‘ది కోరల్ ఐలండ్’లో ద్వీపం చేరిన బాలురు రాల్ఫ్, జాక్, పీటర్కిన్ ధైర్యంగా, క్రమశిక్షణతో, ఉల్లాసంగా బతుకుతారు. గోల్డింగ్ రాల్ఫ్, జాక్ అన్న పేర్లను తీసుకుని అలాంటి ద్వీపం మీదే పిల్లల్ని వేటగాళ్ళుగా, తరవాత హంతకులుగా మార్చి చూపాడు. చివర్లో పిల్లల్ని కాపాడటానికి వచ్చిన నౌకాదళ అధికారి పాత నవల పేరునే తలుచుకుంటాడు. అతని వెనక ఆగి ఉన్నది యుద్ధనౌక. అంటే పిల్లలు ఆడిన ఆటనే పెద్దలు బయట యూనిఫారం వేసుకుని ఆడుతున్నారు. ద్వీపానికి బయట మరో నాగరిక చోటు ఉందన్న ఊరటను గోల్డింగ్ పాఠకుడికి మిగల్చలేదు.

సరిహద్దు: మాయమయ్యాక పుట్టిన ఆదర్శం

అమెరికా పశ్చిమ సరిహద్దు కథల విషయంలో ముందు గమనించవలసింది తేదీలను. జనావాసాల అంచుగా గీయదగిన సరిహద్దు గీత ఇక లేదని 1890 జనగణన ప్రకటించింది. ఆ సరిహద్దే అమెరికన్ స్వభావాన్ని మలిచిందని చరిత్రకారుడు ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ 1893లో షికాగోలో వాదించాడు. 1899లో అదే నగరంలో తరవాత అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ సుఖానికి అలవాటుపడిన జీవితాన్ని గర్హించి, కష్టసాధ్యమైన జీవితమే మగవాడికి తగినదని ఉపన్యసించాడు. కౌబాయ్‌ని నవలా నాయకుడిగా స్థిరపరచిన ఓవెన్ విస్టర్ ‘ది వర్జీనియన్’ 1902లో వచ్చింది. అది రూజ్‌వెల్ట్‌కే అంకితం. విస్టర్ ఫిలడెల్ఫియాలో పుట్టి హార్వర్డ్‌లో చదివినవాడు, ఆరోగ్యం కోసం 1885లో వయోమింగ్‌కు మొదటిసారి వెళ్ళాడు.

గుర్రం మీద ఒంటరి మగవాడి ఆదర్శం గుర్రాల మీద బతికేవాళ్ళు రాసుకున్నది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. కార్ఖానాలూ కార్యాలయాలూ పెరిగి, జీతం మీద ఆధారపడ్డ పట్టణ పురుషుడు తన విలువ ఏమిటని సందేహంలో పడిన వేళ, అప్పటికే చేజారిన ఒక చోటును వెనక్కి పిలిచి కొలబద్దగా నిలబెట్టారు. అలా నిలబెట్టడానికి కొంత చెరిపేయవలసి వచ్చింది. ఆదివాసుల నేల ‘ఖాళీ’ అయింది. స్త్రీలు బడిపంతులమ్మ పాత్రకు కుదించుకుపోయారు. నిజానికి ఆ వయోమింగే 1869లో, ఇంకా రాష్ట్రం కాని రోజుల్లో, స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చిన ప్రాంతం. ‘వర్జీనియన్’ ముగింపు మరో చమత్కారం చేస్తుంది: నాయకుడి నేలలో బొగ్గు పడుతుంది, అతను మంచి ఆస్తిపరుడవుతాడు. ఏ పరిశ్రమల నుంచి పారిపోయి పాఠకుడు ఈ నవలలోకి వచ్చాడో ఆ పరిశ్రమే నాయకుడికి బహుమానంగా దక్కింది.

అదే వయోమింగ్‌లో ఆనీ ప్రూ 1997లో ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’ కథను నడిపారు. 1963 వేసవిలో గొర్రెలు కాయడానికి కొండెక్కిన ఇద్దరు యువకులు ప్రేమలో పడతారు. కౌబాయ్ కథకు మగవాళ్ళే ఉండే చోటు ఎందుకు అంత అవసరమో అక్కడ ఇంకో వైపు నుంచి కనిపిస్తుంది. ఊళ్ళో చావుకు దారితీయగల అనుబంధానికి కొండ ఒక్కటే చోటు. కథ చివరికి ఆ కొండ ఎంతగా కుంచించుకుపోతుందంటే, ట్రెయిలర్ ఇంటిలో గోడకు గుచ్చిన ఒక పోస్ట్‌కార్డు, దాని కింద మేకుకు తగిలించిన, ఒకదానిలో ఒకటి తొడిగిన రెండు చొక్కాలు మాత్రమే మిగులుతాయి.

కందకం: కదలనివ్వని యుద్ధం

యుద్ధాన్ని మగతనానికి తుది పరీక్షగా చూపే కథలన్నీ కదలిక మీద ఆధారపడ్డవే. దూకడం, దాడి చేయడం, ఎదురొడ్డి నిలవడం అన్నవి అందులో భాగాలు. మొదటి ప్రపంచయుద్ధపు కందకం ఆ కదలికనే తీసేసింది. మనిషి నెలల తరబడి గోతిలో ముడుచుకుని, ఎక్కడి నుంచో వచ్చే గుండు తన మీద పడుతుందో లేదో అని కాచుకు కూర్చోవాలి. జర్మన్ రచయిత రిమార్క్ 1929 నవల ‘ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’లో విద్యార్థుల్ని ఉసిగొలిపి సైన్యంలో చేర్పించే ఉపాధ్యాయుడి తరగతి గది ఒక పక్క, కందకం మరో పక్క నిలుస్తాయి. వీరత్వం గురించిన మాటలన్నీ మొదటి చోటులో పుడతాయి, రెండో చోటులో పనికిరాకుండా పోతాయి.

పాట్ బార్కర్ ‘రీజనరేషన్’ (1991)లో చోటును ఇంకొంచెం వెనక్కి జరిపారు. 1917లో ఎడిన్‌బరో సమీపంలోని క్రెయిగ్‌లాకార్ట్ ఆసుపత్రిలో, యుద్ధభయంతో నోరు పడిపోయిన, నిద్ర పట్టని సైనికులకు మానసిక వైద్యం జరుగుతుంది. మగవాళ్ళకు దొరుకుతుందన్న చైతన్యవంతమైన కార్యరంగం బదులు, స్త్రీల జీవితాల్లో మామూలుగా కనిపించే నిస్సహాయ నిశ్చలత ఈ యుద్ధంలో మగవాళ్ళకు దక్కిందని అందులో డాక్టర్ రివర్స్ గ్రహిస్తాడు. స్త్రీల జబ్బని ముద్రపడిన హిస్టీరియా లక్షణాలు సైనికుల్లో కనిపించడానికి కారణం వాళ్ళ పిరికితనం కాదని, వాళ్ళను బంధించిన చోటేనని ఆ ఆలోచన సూచిస్తుంది.

గోడల మధ్య మగవాడు

ఆర్థర్ మిల్లర్ నాటకం ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ (1949)లో రంగ సూచనలే ఒక వాదం చేస్తాయి. సేల్స్‌మన్ విల్లీ లోమన్ ఇంటి చుట్టూ అపార్టుమెంటు భవనాలు కమ్ముకుని ఉంటాయి. వర్తమానంలో జరిగే దృశ్యాల్లో నటులు ఇంటి ఊహా గోడల్ని గౌరవించి తలుపు గుండానే లోపలికి రావాలి. గత దృశ్యాల్లో మాత్రం ఆ గోడల గుండా నేరుగా నడిచిపోవచ్చు. పాత రోజుల్లో విల్లీకి చోటుంది, ఇప్పుడు లేదు. పనిముట్లు పట్టడం రానివాడు మగవాడే కాదని పొరుగింటి చార్లీని ఎగతాళి చేసే విల్లీ, తన చేతుల్తో కప్పు వేసుకున్న ఇంటిలో నిజంగా నేర్పరి. అయితే బతుకుతెరువు చేతి పనిలో లేదు, ఊళ్ళు తిరిగి నలుగురికీ నచ్చడంలో ఉందని నమ్మాడు. యజమాని హొవర్డ్ గదిలో కొత్త రికార్డింగ్ యంత్రం తన మాట వినకుండా వాగుతూపోతే కంగారుపడి కేకలు పెడతాడు. కొయ్య, సిమెంటు లొంగినట్టు ఆఫీసు వస్తువులు అతనికి లొంగవు. చివరి రాత్రి ఎండపొడ తగలని పెరట్లో టార్చిలైటు వెలుగులో విత్తనాలు నాటుతాడు.

తెలుగులో రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’ సుబ్బయ్యను ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. గుమాస్తాగా అతను ఆఫీసులో ఎంత భయపడతాడో ఇంట్లోనూ అంతే భయపడతాడు. అందువల్ల బయట ఓడినా ఇంట్లో రాజు అన్న మామూలు ఓదార్పు కూడా ఆ నవలలో మగవాడికి దొరకదు.

ఒకే నీరు, రెండు లింగాలు

చోటుకూ మగతనానికీ లంకె ఉన్నంతమాత్రాన కొండంటే మగ, ఇల్లంటే ఆడ అని పట్టిక గీయడం పొరపాటు. సంగమ కవికి విరహిణి కన్నీటి చోటైన సముద్రమే, హెమింగ్వే ‘ది ఓల్డ్ మన్ అండ్ ది సీ’ (1952)లో వృద్ధ జాలరి దారుఢ్యానికి పరీక్ష. ఆ నవలలోనే మరో సూక్ష్మం ఉంది. స్పానిష్‌లో సముద్రాన్ని స్త్రీలింగంలో ‘లా మార్’ అనీ, పుంలింగంలో ‘ఎల్ మార్’ అనీ అనవచ్చు. ప్రేమించే ముసలివాడు మొదటిది వాడతాడు. మోటారు పడవలు కొన్న కుర్ర జాలర్లు రెండోది వాడుతూ దాన్ని పోటీదారుగా, శత్రువుగా చూస్తారు. నీరు మారలేదు, పనిముట్టూ సంపాదనా మారగానే దాని లింగం మారింది. తెలుగులో సముద్రం అమహద్వాచకం, అంటే ‘అది’ అని చెప్పుకునే మాట కాబట్టి అనువాదంలో ఈ తేడా సులభంగా జారిపోతుంది.

ఫలానా కాలంలో ఫలానా చోట నిజంగానే మగవాళ్ళు మాత్రమే ఉండేవారు కదా, రచయిత ఉన్నదే రాశాడు కదా అన్న అభ్యంతరం తరచూ వినిపిస్తుంది. కందకం విషయంలో అది చాలావరకు నిజమే. వయోమింగ్ విషయంలో కాదు. ఎటూ ఉన్న చోట్లలోంచి ఒకదాన్ని ఎంచుకుని మనిషి విలువ అక్కడే తేలుతుందని చెప్పడం మాత్రం ఎప్పుడూ రచయిత నిర్ణయమే.

ఉమోఫియా: నేల ఒప్పుకోని మగవాడు

ఈ నిర్ణయాన్ని పాఠకుడి కళ్ళ ముందే విప్పి చూపిన నవల నైజీరియా రచయిత చినువా అచెబె ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ (1958). ఇబో తెగవాళ్ళ ఊరైన ఉమోఫియాలో కథానాయకుడు ఒకోన్క్వో ఇంటి ఆవరణే అతని ఆలోచనల పటం. ఎర్రమట్టి గోడకున్న ఒకే ద్వారం వెనక అతని ‘ఒబి’, అంటే యజమాని గుడిసె. దాని వెనక ముగ్గురు భార్యల గుడిసెలు అర్ధచంద్రాకారంలో ఉంటాయి. గోడ చివర కొట్టంలో పెండలం దుంపలు వరసలుగా పేర్చి ఉంటాయి. ఆ సమాజంలో పెండలం మగవాడి పంట. చేమ జాతి దుంపలు, చిక్కుళ్ళు, కర్రపెండలం ఆడవాళ్ళ పంటలు. కొట్టం నిండుగా ఉంటే మగవాడి పేరు నిండుగా ఉన్నట్టు. వేణువు వాయించుకుంటూ అప్పులు చేసిన తండ్రి ఉనోకాను ఒకోన్క్వో చిన్నప్పటి ఆటతోడు ఒకడు ‘అగ్బాలా’ అన్నాడు. ఆ మాటకు స్త్రీ అనీ, బిరుదు పొందని మగవాడనీ రెండర్థాలు. ఒకోన్క్వో జీవితమంతా ఆ మాట నుంచి పరుగే.

పొరపాటున తుపాకి పేలి ఒక కుర్రవాడు చనిపోతాడు. తెలిసి చేసింది కాదు కనుక ఆ సమాజపు వర్గీకరణలో అది ‘ఆడ’ నేరం. శిక్ష ఏడేళ్ళ ప్రవాసం, అది కూడా తల్లి పుట్టినూరు ఎంబాంటాలో. అక్కడ మేనమామ ఉచెండు అతన్ని కూర్చోబెట్టి, బిడ్డ తండ్రికి చెందినవాడైనా తల్లే గొప్పదని పేర్లెందుకు పెట్టుకుంటారని అడుగుతాడు. ఆపదలో మనిషికి తల్లి ఊరే ఆసరా అని వివరిస్తాడు. మరో రకంగా బతకడానికి నవల ఇచ్చిన చోటు అది. ఒకోన్క్వో ఆ ఏడేళ్ళనూ వృథా అయిన కాలంగానే లెక్కపెట్టుకుంటాడు.

తిరిగి వచ్చేసరికి ఉమోఫియాలో తెల్లవాళ్ళ చర్చి, కోర్టు వెలిశాయి. పెండలం కొట్టంతో మనిషిని కొలిచే చోటు ఇక పూర్తిగా అది కాదు. తెల్లవాళ్ళ దూతను నరికిన ఒకోన్క్వో వెనక ఊరు నిలబడదు. అతను తన ఆవరణ వెనక చెట్టుకు ఉరి వేసుకుంటాడు. ఆత్మహత్య భూదేవి ఆనీకి అపచారం కాబట్టి తన వంశంవాళ్ళెవరూ ఆ శవాన్ని ముట్టకూడదు, పరాయివాళ్ళే దించి పూడ్చాలి. ఉనోకా కూడా ఒళ్ళు వాచే జబ్బుతో చనిపోయినప్పుడు, ఆ జబ్బు అదే ఆనీకి అపచారమని మట్టికివ్వకుండా అతన్ని చెడ్డ అడవిలో వదిలేశారు. వెళ్ళేటప్పుడు అతను తన వేణువును వెంట తీసుకెళ్ళాడు.